టాడ్లర్ గది డిజైన్ సర్వీస్, ఏడాది వాడాక: షెల్ఫులు బంగారం, డైపర్ బల్ల దండగ

ముందే చెప్పేస్తున్నా, 5కి 3.5 స్టార్లు. మిగతా ఒకటిన్నర ఎక్కడ పోయిందో చెప్పడానికే ఇంత పెద్దది రాస్తున్నాను, ఓపికున్నవాళ్ళు చదవండి.

నేను టాడ్లర్ల గదిలో, అంటే ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ లోపు పిల్లల గదిలో, టీచర్ని. కిందటేడు మా గదిని మొత్తం పీకి కొత్తగా చేయించారు. చేసింది ఒక డిజైన్ సంస్థ, పేరు రాయను, అడగొద్దు. పిల్లల ఎదుగుదల సిద్ధాంతాలని బట్టి గదులు తయారుచేస్తామని వాళ్ళు చెప్పుకుంటారు. మొదటి మీటింగ్‌లో చూపించిన స్లైడ్లలో పియాజే ఉన్నాడు, వైగోట్‌స్కీ ఉన్నాడు, ఎరిక్‌సన్, మాంటిస్సోరి, బౌల్బీ, ఎమ్మి పిక్లర్, ఆ సిద్ధాంతాలు చెప్పినవాళ్ళు ఒక్కరూ మిస్సవ్వలేదు. ట్రైనింగ్‌లో పరీక్షకి బట్టీపట్టిన పేర్లన్నీ వరసగా వస్తుంటే మధ్యలో ఎవరైనా లేపి ప్రశ్న అడుగుతారేమోనని టెన్షన్ కూడా పడ్డాను. మీటింగ్ అయిపోయాక గుర్తొచ్చింది, వీళ్ళు పిల్లలున్న టైములో మా గదిలోకి ఒక్కసారీ రాలేదని. కొలతలు తీసుకున్నది కూడా సెలవు రోజు.

సరే, బాగున్నవాటితో మొదలుపెడతా.

నేల. పాత గదిలో మధ్యలో పెద్ద గుండ్రటి బల్ల, చుట్టూ కుర్చీలు ఉండేవి. పిల్లలు గోడకీ కుర్చీకీ మధ్య సందులో తిరిగేవాళ్ళు, పడేవాళ్ళు, లేచేవాళ్ళు. వీళ్ళు వచ్చి ఆ బల్ల తీసేసి గది నడిమధ్య అంతా ఖాళీగా వదిలేశారు. మొదటిరోజు చూసి, ఖాళీ పెట్టడానికి కూడా డిజైనర్ కావాలా అనుకున్నాను. కానీ అదే ఈ మొత్తం పనిలో తెలివైన నిర్ణయం. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటున్నప్పుడు ఎన్ని అడుగులు వేస్తారో కూర్చుని లెక్కపెట్టారు. గంటకి సగటున 2,368 అడుగులు, 17 సార్లు పడటం! ఆ లెక్కపెట్టినవాళ్ళ ఓపికకి దండం. అన్ని అడుగులు వేసే బుడతల్ని బల్ల చుట్టూ కుదురుగా కూర్చోమనడం మనదే తప్పు, వాళ్ళది కాదు. నేల ఖాళీ అయ్యాక పేచీలు తగ్గాయి, నేను "పరిగెత్తొద్దు" అనడం ఇంకా తగ్గింది.

దాంతోపాటు పిడి ఉన్న చిన్న బుట్టలు, తోపుడు బండి, భుజానికి తగిలించుకునే చిన్న సంచులు ఇచ్చారు. ఇవెందుకో మొదట అర్థం కాలేదు. ఈ వయసు పిల్లల్ని గమనిస్తే తెలుస్తుంది, ఒక మూల ఉన్న సామానంతా తీసుకెళ్ళి ఇంకో మూల పోస్తారు, మళ్ళీ వెనక్కి తెస్తారు, పొద్దంతా అదే ఉద్యోగం. దీన్నే చేరవేత స్కీమా అంటారు, అంటే పిల్లలు ఒకే రకం పనిని రకరకాల వస్తువులతో మళ్ళీ మళ్ళీ చేసి చూసుకోవడం. ఇలాంటివే ఇంకా ఉన్నాయి: విసరడం, తిప్పడం, కప్పడం, గీత గీసి లోపల కూర్చోవడం. ఇదివరకు మేము దాన్ని "సామాను చిందరవందర చేయడం" అనేవాళ్ళం. బుట్టలిచ్చాక అదే పిల్లలు అదే పని చేస్తున్నారు, మేము మాత్రం తిట్టడం లేదు. ఎక్కడి సామాను ఎక్కడికి పోయిందో సాయంత్రం వెతుక్కోవడం మా ఖర్మ అనుకోండి.

షెల్ఫుల సంగతికొస్తే, ఇవి బంగారం అని టైటిల్లోనే పెట్టాను. నా మోకాలి కంటే కొంచెం ఎత్తు, తలుపుల్లేవు, వెనక గోడకి గట్టిగా బిగించారు (ఎక్కుతారు, తప్పకుండా ఎక్కుతారు, బిగించని షెల్ఫు ఈ వయసు పిల్లలున్న గదిలో ఉండకూడదు). ఒక్కో అరలో ఒకటి రెండు వస్తువులే. మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదటి పిల్లల ఇల్లు తెరిచిన కాలం నుంచీ, పిల్లాడికి అందే ఎత్తులో, పిల్లాడు మోయగలిగే సైజులో సామాను ఉండాలని అంటూనే ఉన్నారు. వినడానికి మామూలు మాట. కానీ పాత గదిలో బొమ్మలన్నీ పై అరలో ఉండేవి, ఏది కావాలన్నా వేలు చూపించి ఏడవాలి, మేము దించాలి. ఇప్పుడు వాళ్ళే తీసుకుంటారు. "నేనే" అనే మాట రోజుకి వందసార్లు వినపడే వయసు ఇది. ఎరిక్‌సన్ చెప్పిన స్వయంప్రతిపత్తి (నా పని నేనే చేసుకోగలను అనే నమ్మకం), అది కుదరకపోతే వచ్చే సిగ్గూ సందేహం, ఆ పాఠమంతా పుస్తకంలో చదివినప్పుడు కంటే ఒక పిల్లవాడు తన బొమ్మ తనే తీసుకుని, తనే తిరిగి పెట్టి, నా వైపు తిరిగి చూసినప్పుడు బాగా అర్థమైంది.

బొమ్మలు తగ్గించడం మీద తల్లిదండ్రుల నుంచి గొడవ వచ్చింది. ఇంత చేయించి బొమ్మలు సగం చేశారేంటని అడిగారు, న్యాయమైన ప్రశ్నే. డిజైన్ వాళ్ళు దీనికి ఒక పరిశోధన చూపించారు, 2018లో వచ్చింది: 36 మంది టాడ్లర్లకి ఒకసారి నాలుగు బొమ్మలు, ఇంకోసారి పదహారు బొమ్మలు ఇచ్చి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. మా గదిలో కూడా అలాగే ఉంది. మూత పెట్టే డబ్బా ఒక్కటి పట్టుకుని ఒక పాప పదిహేను నిమిషాలు కూర్చుంది, అంతసేపు నేనూ ఏ పనిమీదా కూర్చోను. మిగతా బొమ్మలు పైన బీరువాలో ఉంటాయి, వారానికోసారి మారుస్తాం.

కానీ బొమ్మలు తగ్గించేటప్పుడు ఇంకో పని కూడా చేశారు, దీనికి మాత్రం వాళ్ళని మెచ్చుకోవాలి. రకాలు తగ్గించి, ఉన్న రకంలో ఒకటే మూడు నాలుగు పెట్టారు. మూడు ఎర్ర లారీలు. నాలుగు ఒకేలాంటి గరిటెలు. చూసినవాళ్ళందరూ ఆర్డర్ పొరపాటున డబుల్ అయిందేమో అనుకున్నారు. రెండేళ్ళ పిల్లలు పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్ళు ఆడతారు, ఒకళ్ళని చూసి ఒకళ్ళు అదే చేస్తారు కానీ కలిసి ఆడటం ఇంకా సరిగ్గా రాదు. మిల్డ్రెడ్ పార్టెన్ 1932లోనే దీనికి సమాంతర ఆట అని పేరు పెట్టింది. పక్కవాడి చేతిలో ఎర్ర లారీ ఉంటే వీడికి కావాల్సింది ఏదో ఒక లారీ కాదు, ఆ ఎర్ర లారీయే. ఒక్కటే ఉంటే లాక్కోవడం, లాక్కుంటే కొరకడం. ఈ గదుల్లో పనిచేసేవాళ్ళకి కొరుకుడు గురించి నేను చెప్పక్కర్లేదు, సాయంత్రం ఆ తల్లికి పంటి గాటు చూపించి వివరించడం అంత కష్టమైన పని ఇంకోటి లేదు. మూడు లారీలొచ్చాక కొరుకుడు పూర్తిగా పోలేదు, పోదు కూడా, కానీ నా డైరీలో ఆ కాలమ్ చాలా రోజులు ఖాళీగా ఉంటోంది. "మరి పంచుకోవడం ఎప్పుడు నేర్చుకుంటారు" అని ఒకాయన అడిగాడు. నేర్చుకుంటారు సార్, ముందు "నాది" అనేది కుదురుకోనివ్వండి.

ఇక్కడిదాకా అన్నీ బాగున్నాయి కదా, ఇప్పుడు వరస మారుతుంది.

అద్దం తెచ్చారు, పగలని అక్రిలిక్‌ది, మంచిదే. బిగించింది మాత్రం నేను జడ సరిచేసుకునే ఎత్తులో. ఏడాదిన్నర నుంచి రెండేళ్ళ మధ్యలోనే చాలామంది పిల్లలు అద్దంలో ఉన్నది తామేనని గుర్తుపట్టడం మొదలుపెడతారు, తెలియకుండా ముక్కుకి రంగు పూసి, అద్దంలో చూసుకుని తన ముక్కే తడుముకుంటారా అని చూసే పరీక్ష ఒకటుంది. అది వాళ్ళ స్లైడులోనూ ఉంది. అద్దం మాత్రం నాకు పెట్టారు. ఫోన్ చేస్తే వచ్చి అడ్డంగా తిప్పి నేలకి ఆనించి బిగించి, ముందు పట్టుకుని నిలబడటానికి చెక్క కమ్మీ వేసి వెళ్ళారు. త్వరగానే చేశారు, ఒప్పుకోవాలి.

గదిలో ఒక పక్క చిన్న కంచె కూడా కట్టారు. ఎందుకంటే పియాజే ప్రకారం రెండేళ్ళ దాకా ఇంద్రియ చాలక దశ (ముట్టుకుని, కదిలించి తెలుసుకోవడం), తర్వాత పూర్వ ప్రచాలక దశ (ఒకదాన్ని ఇంకోటిగా ఊహించుకుని ఆడటం), కాబట్టి కంచెకి ఇటు ఇసుక, నీళ్ళు, తట్టి చూసే వస్తువులు, అటు బొమ్మ వంటిల్లు, బొమ్మ ఫోను. నవ్వొచ్చింది నిజంగా. పుట్టినరోజు నాడు పిల్లల్ని కంచె దాటించాలన్నమాట! ఇరవై నెలల పిల్ల ఖాళీ గిన్నె చెవికి ఆనించి ఫోన్ మాట్లాడుతుంది, మూడేళ్ళు దగ్గరపడ్డవాడు నీళ్ళ టబ్బు దగ్గర గంటసేపు కదలడు. పియాజే కూడా ముఖ్యమని చెప్పింది దశల వరస, వయసులు సుమారు లెక్కలే. నెల తిరిగేసరికి కంచె తీసేశాం, ఆ చెక్కలతో ఇప్పుడు పుస్తకాల స్టాండు ఉంది.

గోడల మీద నాకు కోపం ఎక్కువ. మూడు గోడల నిండా అడవి బొమ్మ, దాని మీద అక్షరాలు, అంకెలు, పైనుంచి వేలాడే మేఘాలు, నక్షత్రాలు. ఫొటోలో అదిరిపోతుంది, తల్లిదండ్రులు వచ్చి సెల్ఫీలు దిగుతారు. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో గోడలు బాగా అలంకరించిన గదిలో పిల్లల దృష్టి ఎక్కువగా పక్కకి పోయిందని, నేర్చుకున్నది తగ్గిందని తేలింది. వాళ్ళు కిండర్‌గార్టెన్ పిల్లలు, మా వాళ్ళ కంటే పెద్దవాళ్ళు, అందుకని ఆ ఫలితాన్ని ఇక్కడ ఉన్నదున్నట్టు అంటించలేం. కానీ కథ చెప్తుంటే సగం మంది పైన తిరిగే మేఘం వైపే చూడటం నేను రోజూ చూశాను. మేఘాలు దించేశాం. అడవి ఇంకా ఉంది. దాని పైన, నా తల కంటే ఎత్తులో, పెద్ద పెద్ద అక్షరాలతో వైగోట్‌స్కీ మాటలు రాయించారు, అది చదవగలిగేవాళ్ళు ఆ గదిలో ఇద్దరమే, మాకూ మెడ నొప్పి.

వైగోట్‌స్కీ అంటే గుర్తొచ్చింది. సామీప్య వికాస మండలం అని పరీక్షకి రాసేవాళ్ళం కదా, అంటే పిల్లాడు ఒంటరిగా చేయలేనిది పక్కన తెలిసినవాళ్ళు కొంచెం చెయ్యి వేస్తే చేయగలగడం. పక్కన కూర్చోవాలి, అదీ ముఖ్యం. మరి ఆ పక్కన కూర్చునేవాళ్ళకి చోటేది? గదిలో ఉన్న కుర్చీలన్నీ పిల్లల కాళ్ళు నేలకి ఆనే ఎత్తు, అది సరైనదే, కానీ పెద్దవాళ్ళకి ఒక్కటీ లేదు. ఇద్దరు టీచర్లం రోజంతా వీపుకి ఆనుకోవడానికి ఏమీ లేకుండా నేల మీద, లేదా ఆ బుల్లి కుర్చీలో మోకాళ్ళు చెవులకి తగిలేలా. గది మూడో టీచర్ అవుతుందని స్లైడులో రాశారు, ఇటలీలో పుట్టిన రెజియో ఎమీలియా అనే ప్రీస్కూల్ పద్ధతివాళ్ళు అనే మాట అది. మూడో టీచర్ సంగతి సరే, ముందున్న ఇద్దరికీ కూర్చోడానికి చోటు చూడండి అని మా తోటి టీచర్ అంటే వాళ్ళు జోకనుకున్నారు. ఆఖరికి గోడ పక్కన ఆనుకునే మెత్త ఒకటి మేమే పెట్టుకున్నాం. వింతేంటంటే, అది పెట్టినరోజు నుంచి పిల్లలు పుస్తకాలు పట్టుకుని మా దగ్గరికే వస్తున్నారు, వాళ్ళు కట్టిన రీడింగ్ కార్నర్‌కి ఎవరూ పోవట్లేదు.

తలుపు దగ్గర ఏర్పాటు నాకు సగం నచ్చింది. పిల్లల ఎత్తులో కిటికీ పెట్టి, అమ్మా నాన్నా వెళ్ళేటప్పుడు అక్కడి నుంచి చెయ్యి ఊపొచ్చు అన్నారు. ఈ పిల్లలకి కనపడని మనిషి కూడా ఎక్కడో ఉందని తెలుసు. దోబూచులాటకి పకపకా నవ్వే వయసు దాటొచ్చారు, తెలుసు కాబట్టే ఏడుస్తారు. కొంతమందికి ఆ కిటికీ బాగా పనికొచ్చింది, చెయ్యి ఊపి, వెళ్ళారని చూసుకుని, ఆటలో పడతారు. ఇంకొంతమంది ఆ గాజుకి ముఖం ఆనించి అక్కడే ఉండిపోయారు, వచ్చే ప్రతి మనిషిలో అమ్మని వెతుక్కుంటూ. అందుకని ఒక తెర వేశాం, అవసరమైతే లాగుతాం. కానీ కిటికీ పక్కన వేసిన బెంచీ ఉంది చూశారూ, అది గొప్పది. మొదటి వారాల్లో తల్లి అక్కడ కూర్చుంటుంది, పిల్ల కొంచెం దూరం వెళ్ళి ఒక బొమ్మ ముట్టుకుని, వెనక్కొచ్చి తల్లి మోకాలు ముట్టుకుని, మళ్ళీ వెళ్తుంది. బౌల్బీ, ఐన్స్‌వర్త్ భద్రమైన స్థావరం అన్నది నా కళ్ళెదుట బెంచీ మీద కూర్చుని ఉంటుంది. ఇంకా, ఇంటివాళ్ళ ఫొటోలు నేలకి దగ్గరగా అంటించారు. మధ్యాహ్నం నిద్ర లేచాక ఒక బాబు రోజూ వెళ్ళి వాళ్ళ తాతయ్య ఫొటో మీద అరచెయ్యి పెట్టి వస్తాడు.

ఇప్పుడు డైపర్ బల్ల. నా కడుపుమంటంతా ఇక్కడే. మూలలో, గోడ వైపు ముఖం పెట్టి బిగించారు. అంటే నేను డైపర్ మారుస్తున్నంతసేపూ మిగతా పిల్లలందరికీ నా వీపు కనపడుతుంది, వాళ్ళు నాకు కనపడరు. చెయ్యి కడుక్కునే సింకు నాలుగడుగుల దూరంలో. బల్ల మీద పిల్లాణ్ణి వదిలి ఒక్క అడుగు వేయకూడదు, కడుక్కోకుండా ఇంకోళ్ళని ముట్టుకోకూడదు, మరి ఎట్లా? ఎక్కడానికి మెట్లు లేవు, పన్నెండు పదమూడు కిలోల పిల్లల్ని రోజుకి ఎన్నిసార్లు ఎత్తితే నడుము ఉంటుంది? ఒకరోజు తోటి టీచర్ తలుపు దగ్గర ఒక తల్లితో మాట్లాడుతుంటే, నేను బల్ల దగ్గర ఉన్నాను, వెనక అంతా నిశ్శబ్దం. ఈ వయసు పిల్లల గదిలో నిశ్శబ్దమంటే ఏదో జరుగుతున్నట్టే. తిరిగి చూసేసరికి ముగ్గురు కలిసి నీళ్ళ టబ్బుని పుస్తకాల బుట్టలోకి ఒంపేశారు. నీళ్ళే కాబట్టి సరిపోయింది.

బాధేంటంటే, ఎమ్మి పిక్లర్ పేరు వాళ్ళ స్లైడుల్లో రెండుసార్లు వచ్చింది. 1946 నుంచి బుడాపెస్ట్‌లో తను నడిపిన పిల్లల గృహంలో ఆవిడ అన్నిటికంటే పట్టుబట్టింది ఈ పనుల మీదే: స్నానం, బట్టలు మార్చడం, తినిపించడం. ఇవి గబగబా ముగించే చాకిరీ కాదు, పెద్దవాళ్ళూ పిల్లాడూ ఒకళ్ళకొకళ్ళు పూర్తిగా దొరికే టైము అని. వీళ్ళు ఆవిడ పేరుతో ఎక్కే మెట్ల త్రికోణం కొని పెట్టారు, అది బాగుంది, పిల్లలు దానిమీదే ఉంటారు. ఆవిడ అసలు చెప్పినదాన్ని మాత్రం మూలకి తోసేశారు. అడిగితే ప్లంబింగ్ అక్కడే ఉంది, డ్రాయింగ్ అప్రూవ్ చేసింది మీవాళ్ళే కదా అన్నారు. అదీ నిజమే, సంతకం మా మేడమే చేశారు. చివరికి మా వడ్రంగితో బల్లని పక్కకి తిప్పించి, లాగి తోసే మెట్లు చేయించాం. ఇప్పుడు పిల్లలు వాళ్ళే ఎక్కుతారు, ఆలస్యమవుతుంది, కానీ తన్నుకోవడం, మెలికలు తిరగడం సగానికి సగం తగ్గింది.

మిగతావి గబగబా. గోల: గట్టి నేల, ఎత్తు సీలింగు, గది అంతా ప్రతిధ్వని, దీని గురించి వాళ్ళు ఆలోచించనే లేదు. గోలలో మాట పట్టుకోవడం పెద్దవాళ్ళ కంటే చిన్నపిల్లలకి చాలా కష్టం, అదీ మాటలు వచ్చే వయసులో. మందపాటి తెరలు, రగ్గు వేశాక కొంత నయం. దాక్కునే గుడారం బాగుంది కానీ గుడ్డ విప్పి ఉతకడానికి వీల్లేదు, ఈ వయసు పిల్లలకి ఉతకలేని గుడ్డ ఇచ్చేవాళ్ళని ఏమనాలి. ఇసుక ట్రేతో వచ్చిన చెక్క పూసలు వెనక్కి పంపాం, మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి వాడే గొట్టం ఒకటుంటుంది, లోపలి వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అందులో పూర్తిగా పట్టే వస్తువు గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉన్నట్టు లెక్క. పూసలు అందులో హాయిగా జారిపోయాయి. మారుమాట లేకుండా మార్చి పెద్దవి ఇచ్చారు. తక్కువ ఎత్తు సింకు, తేలిగ్గా తిరిగే కుళాయి చాలా బాగున్నాయి. నేల తడి సంగతి మాత్రం అడక్కండి.

ఇప్పుడు రెండో గది కూడా వాళ్ళకే ఇద్దామా అని మేడం అడిగారు. ఇద్దాం, కానీ ఈసారి పెన్సిల్ ముట్టుకునే ముందు మూడు రోజులు పిల్లలున్న టైములో వచ్చి మాతోపాటు నేల మీద కూర్చోమనండి, వీలైతే నాలుగు డైపర్లు కూడా మార్చమనండి అన్నాను. అడిగారట. డైపర్ల గురించి ఏమీ అనలేదు, కూర్చోవడానికి మాత్రం ఒక పూట వస్తామన్నారు.